పాత పికప్‌కు బ్రేకు డ్రమ్ములు: ప్రాజెక్టు డైరీ

బండి 1950ల తొలి సంవత్సరాల అర టన్ను పికప్. నాలుగు చక్రాలకూ 11 అంగుళాల డ్రమ్ములు, అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నెలు. బ్రేకు తొక్కితే లోపలున్న వంపు షూలు వాటి గోడను ఒత్తి బండిని ఆపుతాయి. షూల వెడల్పు ముందు 2 అంగుళాలు, వెనక 1¾. బెండిక్స్ డుయో-సర్వో బ్రేకులు (ఒక షూ రెండోదాన్ని తోసే రకం), ఆరు స్టడ్లు (చక్రాన్ని పట్టే మర కడ్డీలు), అవి నిలిచే 5½ అంగుళాల బోల్టు వృత్తం, 16 అంగుళాల రిమ్ములు. బ్రేకు తొక్కితే బండి కుడికి లాగుతోంది. పెడల్ కాలి కింద అదురుతోంది. దిగుడు రోడ్డులో రెండోసారి తొక్కేసరికి పెడల్ ఇంకాస్త కిందికి పోతోంది. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, గొట్టాల పని ఇదివరకే అయిపోయింది. మిగిలింది డ్రమ్ములే.

విప్పుడు

వాడిన డ్రమ్ములో షూ రాసుకునే చోటు లోపలికి అరిగిపోయి, అంచు దగ్గర గట్టు మిగులుతుంది. షూలు ఆ గట్టు వెనక ఇరుక్కుని ఉంటాయి. అందుకే ముందు అడ్జస్టర్ చక్రాన్ని (షూల ఎడం సర్దే చిన్న పళ్ల చక్రం) వెనక్కి తిప్పి షూలను లోపలికి దింపాలి, డ్రమ్మును లాగడం ఆ తరవాతే. ఇది చేయకుండా పుల్లర్ పెట్టి లాగితే షూ హోల్డ్-డౌన్ పిన్నులు వంగుతాయి, లేదా డ్రమ్ము అంచు విరుగుతుంది. వెనక డ్రమ్ములు యాక్సిల్ ఫ్లాంజ్ మీద తుప్పుతో పట్టేశాయి. మధ్య రంధ్రం చుట్టూ తుప్పు వదిలే నూనె పోసి రాత్రంతా నానబెట్టి, స్టడ్ల మధ్య ఉన్న చదును మీద సుత్తితో చుట్టూ తట్టితే వదిలాయి. దెబ్బ ఎప్పుడూ హబ్బు (చక్రం మధ్యభాగం) దగ్గరి చదును మీదే పడాలి. అంచు మీద కొడితే పోత ఇనుము బీటవారుతుంది, ఆ బీట వెంటనే కంటికి కనిపించదు కూడా.

లోపలి దుమ్ము గురించి ఒక మాట. ఆ కాలపు లైనింగుల్లో (షూల మీది రాపిడి పట్టీల్లో) ఆస్బెస్టాస్ ఉంటుంది. గాలి గొట్టంతో ఊదడం, పొడి బ్రష్షుతో దులపడం రెండూ వద్దు. సబ్బు నీళ్లు పిచికారీ చేసి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డలను సంచిలో మూటగట్టి విడిగా పారేయాలి. తగిన శ్వాస మాస్కు తప్పనిసరి.

కొలతలు

ప్రతి డ్రమ్మునూ రెండు లోతుల్లో కొలిచాం, ఒకటి నోటి అంచుకు దగ్గరగా, రెండోది అడుగుకు, అంటే మూసి ఉన్న ముఖానికి, దగ్గరగా. ఒక్కో లోతులో 45 డిగ్రీలకొకటి చొప్పున నాలుగు వ్యాసాలు. డ్రమ్ము మైక్రోమీటర్ లేకపోతే లోపలి కొలత మైక్రోమీటర్ సరిపోతుంది. వెర్నియర్ చాలదు. దాని దవడలు గట్టు మీద కూర్చుని అరగని చోటి కొలతే చూపిస్తాయి, అది చూసి డ్రమ్ము కొత్తదిలా ఉందని మోసపోతాం.

కొత్తప్పుడు 11 అంగుళాలంటే 279.40 మి.మీ. ఈ తరగతి బండ్లకు వాడుకలో ఉన్న లెక్క ప్రకారం లేత్ మీద 0.060 అంగుళం దాకా, అంటే 280.92 వరకు తీయొచ్చు. అరుగుదల 0.090 అంగుళానికి, అంటే 281.69కి చేరితే డ్రమ్మును పారేయాలి. ఆ మధ్య ఉన్న 0.030 అంగుళం రోడ్డు మీద అరగడానికి వదిలిన పాలు, లేత్‌కు కాదు. తరవాతి కాలపు డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం పోతలోనే ఉంటుంది. ఇంత పాతవాటి మీద ఏమీ ఉండదు కాబట్టి ఈ లెక్కే ఆధారం.

ముందు ఎడమ: అంచు దగ్గర 281.25, అడుగు దగ్గర 280.90. నోరు గంటలా వెడల్పయింది. అంచు నుంచి లోపలికి 25 మి.మీ. బీట.
ముందు కుడి: 280.35. ఓవల్ (పెద్ద, చిన్న వ్యాసాల తేడా) 0.22. మూడు చోట్ల నీలి మచ్చలు.
వెనక ఎడమ: 279.95, ఓవల్ 0.08. గీతలు పైపైనే.
వెనక కుడి: 280.05, ఓవల్ 0.12. ఒక గాడి, 0.10 లోతు.

ఓవల్ 0.15 మి.మీ. దాటితే పెడల్ అదురు కాలికి తెలుస్తుంది. ముందు కుడి డ్రమ్ము 0.22 ఉంది, కాబట్టి అదురు అక్కడిదే. లాగుడుకు కారణం ఎడమది. నోరు వెడల్పైన డ్రమ్ములో షూ అడుగు వైపు సగం మాత్రమే ఆనుతుంది, ఆ చక్రం తక్కువ పట్టుకుంటుంది, బండి రెండో వైపుకు పోతుంది. డుయో-సర్వోలో ముందు షూ తిరిగే డ్రమ్ముతో పాటు లాక్కుపోయి వెనక షూను తోస్తుంది కనుక చక్రాల మధ్య ఉన్న చిన్న తేడా కూడా అనేక రెట్లు పెరిగి స్టీరింగులో తేలుతుంది. పాత బండి లాగుతోందనగానే ముందు వీల్ సిలిండర్ల మీద పడతారు గానీ మైక్రోమీటర్ తీసేవాళ్లు తక్కువ.

ఏవి ఉంటాయి, ఏవి పోతాయి

బీటవారిన డ్రమ్ము గురించి చర్చే లేదు. వెల్డింగ్ చేయిస్తామంటారు, చేయించకూడదు. వేడెక్కి చల్లారే ప్రతిసారీ ఆ అతుకు పక్కనే కొత్త బీట పుడుతుంది, అది తెరుచుకునేది గట్టిగా బ్రేకు తొక్కిన క్షణంలోనే. వెంట్రుకల్లా కనిపించే పైపై వేడి గీతలు వేరు, బీట వేరు. గీతలు లేత్‌లో పోతే డ్రమ్మును ఉంచొచ్చు. అంచును తాకినా, బయటి వైపుకు దారి తీసినా అది బీటే. డ్రమ్మును తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో తట్టి చూడటం పాత పద్ధతి. పూర్తి పోత డ్రమ్ము గంటలా మోగాలి, బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. ఉక్కు రేకు అడుగుకు పోత ఇనుము వలయం కలిపిన డ్రమ్ములు మాత్రం బాగున్నా మొద్దుగానే పలుకుతాయి, వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

నీలి మచ్చలున్న కుడి డ్రమ్ము కొలతల ప్రకారం ఇంకా బతికే ఉంది. కానీ ఆ మచ్చలు రంగు మార్పుతో ఆగవు. పోత ఇనుము ఒక చోట 700 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కి, చుట్టూ ఉన్న చల్లని లోహం దాన్ని గబుక్కున చల్లారిస్తే అక్కడ మార్టెన్‌సైట్ అనే గట్టి పొర ఏర్పడుతుంది. లేత్ ఉలి దాని మీదికి వచ్చేసరికి ఎగిరి దాటిపోతుంది, చుట్టూ ఉన్న మెత్తని ఇనుము మాత్రం తెగుతుంది. కోత అయ్యాక మచ్చలు చిన్న గుట్టల్లా మిగులుతాయి. గ్రైండింగ్ రాయితో చదును చేయొచ్చు, కానీ గట్టితనం పొర లోతుగా దిగి ఉంటే కొన్నాళ్లకే చుట్టుపక్కల ఇనుము అరిగి గుట్టలు మళ్లీ లేస్తాయి. పైగా దీని జత పోయింది. ఒక యాక్సిల్ మీద ఒక వైపు కొత్త మందపు డ్రమ్ము, రెండో వైపు పలచబడ్డ డ్రమ్ము ఉంటే రెండూ ఒకేలా వేడెక్కవు, ఒకేలా వ్యాకోచించవు. ముందు రెండూ మార్చాలి, వెనక రెండూ లేత్‌కు పంపాలి. తీర్పు ఇది.

దిగుడులో పెడల్ కిందికి పోవడానికి లెక్క కూడా ఇక్కడే. పోత ఇనుము డిగ్రీకి మీటరుకు సుమారు 11 మైక్రాన్లు పెరుగుతుంది. 279.4 మి.మీ. డ్రమ్ము 200 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం 0.6 మి.మీ. పైన పెరుగుతుంది. షూ ఆ దూరం పోయి అందుకోవాలి, పెడల్ అంత దిగాలి. అదే వేడికి పలచని డ్రమ్ము మందపు డ్రమ్ముకన్నా ఎక్కువ ఉష్ణోగ్రతకు చేరుతుంది. అంచేత "ఇంకొక్క కోత తీస్తే సరిపోతుంది" అన్న పొదుపు దిగుడు రోడ్డు మీద తిరగబడుతుంది.

కొత్తవి ఎంచడం

అసలు పని ఇదే. అమ్మకపు జాబితాల్లో డ్రమ్ముకు ఎదురుగా కనిపించేవి రెండే అంకెలు: లోపలి వ్యాసం, బోల్టు వృత్తం. 11 అంగుళాలు, ఆరు స్టడ్లు, 5½. ఈ రెండూ కలిసిన డ్రమ్ములు కోకొల్లలు. 5½ అంగుళాలంటే 139.7 మి.మీ. లాండ్ క్రూయిజర్, హైలక్స్ లాంటి బండ్లది కూడా ఇదే వృత్తం. ఈ బండికి సరిపోయేది మాత్రం ఆ రెండు అంకెలతో తేలదు. లోపలి వ్యాసం లేత్ మీద, షూ గ్రైండింగ్‌లో సవరించుకోగలిగిన కొలత. డ్రమ్ము ఎక్కడ కూర్చుంటుంది, ఎంత లోతు దిగుతుంది, మధ్యలో దేని మీద కేంద్రం పట్టుకుంటుంది అనేవి సవరించలేనివి. ఎంపిక వాటి మీదే జరగాలి.

కొనే ముందు రాసుకున్న కొలతలు ఇవి. మొదటిది లోతు. డ్రమ్మును నోరు కిందికి చేసి చదునైన బల్ల మీద బోర్లించి, మధ్య రంధ్రంలోంచి లోతు గేజ్ దించితే బల్ల నుంచి పై ముఖం దాకా మొత్తం ఎత్తు వస్తుంది. అందులోంచి అడుగు మందం తీసేస్తే హబ్బుకు ఆనే ముఖం నుంచి అంచు దాకా లోతు. రెండోది, ఆ ముఖం నుంచి రాపిడి తలం ఎక్కడ మొదలవుతుందో. తలం అడుగు దగ్గర గుండ్రటి మూల ఉంటుంది. షూ అంచు ఆ మూల మీదికి ఎక్కితే షూ వంకరగా నిలుస్తుంది, కనీసం 2 మి.మీ. ఎడం కావాలి. మూడోది మధ్య రంధ్రం. హబ్బు భుజం మీద ఇది 0.05 నుంచి 0.15 మి.మీ. వదులులో కూర్చోవాలి. నాలుగోది అడుగు మందం. అయిదోది బయటి వ్యాసం, పక్కటెముకలు ఉంటే వాటితో కలిపి. ఆరోది అంచు రూపం: బ్యాకింగ్ ప్లేటు (షూలను మోసే, తిరగని రేకు) చుట్టూ ఉన్న గాడిలో డ్రమ్ము అంచు తాకకుండా దిగాలి, నీళ్లనూ దుమ్మునూ ఆపేది ఆ మెలికే.

బండి వైపు నుంచీ కొలత తీసుకోవాలి. హబ్బు ముఖం మీద తిన్నని పట్టీ అడ్డంగా పెట్టి, అక్కడినుంచి షూ బయటి అంచుకూ లోపలి అంచుకూ దూరాలు. డ్రమ్ము అంకెలూ ఈ అంకెలూ కాగితం మీద కలవకపోతే ఆ డ్రమ్ము బరువు మోసుకొచ్చి లాభం లేదు.

పరిశీలించినవి మూడు. మొదటిది అదే బోల్టు వృత్తం, అదే 11 అంగుళాలు ఉన్న తరవాతి కాలపు ట్రక్కు డ్రమ్ము. సులువుగా దొరుకుతుంది, మందంగానూ ఉంది. మధ్య రంధ్రం 3 మి.మీ. పెద్దది, లోతు 5 మి.మీ. తక్కువ. రంధ్రం పెద్దదైతే వలయం వేసి సరిచేయొచ్చని సలహా వస్తుంది. వలయం వేసినా లోతు మారదు కదా. షూ 5 మి.మీ. బయటికి మిగిలిపోతుంది, లైనింగు అరగని అంచు గట్టులా నిలిచి డ్రమ్ము నోటిని నొక్కుతూ ఉంటుంది. వలయం లేకుండా స్టడ్ల మీదే కేంద్రం వదిలేస్తే నట్లు బిగించిన ప్రతిసారీ డ్రమ్ము కొత్తచోట కూర్చుంటుంది. వదిలేశాం.

రెండోది వాడని పాత స్టాకు డ్రమ్ము, ఒక్కటే. అసలు తయారీదే, కాగితం చుట్టు కూడా పోలేదు. ఈ మాటలకు పడిపోయేవాళ్లు ఎక్కువ. కొలిస్తే ఓవల్ 0.30. డ్రమ్ములను చక్రాల్లా అంచు మీద నిలబెట్టి, మీద బరువు పెట్టి ఏళ్ల తరబడి ఉంచితే ఇలా అవుతుంది. నిల్వ ఎప్పుడూ చదునుగా పరిచి చేయాలి. లేత్ మీద సరిచేయొచ్చు, కానీ జత లేదు. అదీ పక్కకు.

మూడోది ఇదే బండికని కొత్తగా పోసిన పూర్తి పోత డ్రమ్ముల జత. లోతు తేడా 0.3 మి.మీ., మధ్య రంధ్రం వదులు 0.10, రాపిడి తలం వెడల్పు అసలుదానికన్నా కొంచెం ఎక్కువే. ఎంచుకున్నది ఇది. దీనికి రెండు చిక్కులున్నాయి, ముందే తెలిసి తీసుకున్నవే.

ఒకటి అడుగు మందం. అసలు డ్రమ్ము రేకు అడుగుది, 4 మి.మీ. ఇది పోత, 8 మి.మీ. డ్రమ్ము హబ్బుకూ చక్రానికీ మధ్య కూర్చునే అమరిక కాబట్టి స్టడ్డు బయటికి వచ్చే పొడవు 4 మి.మీ. తగ్గుతుంది, చక్రం అంతే మేర బయటికి జరుగుతుంది. చక్రం జరగడంతో ఇబ్బంది లేదు. స్టడ్డు పొడవుతో ఉంది. నట్టులో మర పట్టు కనీసం స్టడ్డు వ్యాసమంత ఉండాలి. పాత స్టడ్లతో అది రాదు. కొత్త డ్రమ్ములతో పాటు పొడవాటి స్టడ్లు 12 కొనే జాబితాలో రాశాం.

రెండోది, పాత డ్రమ్ము ముఖం మీద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) దూర్చే చీలిక ఉండేది, కొత్తదానికి లేదు. ఈ బండి బ్రేకుల్లో యాంకర్ పిన్ను (షూల కొసలు ఆనే పిన్ను) అసమకేంద్రంగా తిరిగే రకం. షూలను డ్రమ్ము మధ్యకు తేవడానికి ఆ చీలికలోంచే సందు కొలిచేవారు. కొత్త డ్రమ్ము అడుగులో చీలిక తొలిపించడం కుదరని పనేమీ కాదు గానీ, పోత అడుగులో పదును మూలల రంధ్రం బీటకు దారి వేస్తుంది. చీలిక లేకుండానే సర్దే పద్ధతి కింద ఉంది.

పోత ఇనుము వలయం వేసిన అల్యూమినియం డ్రమ్ములు వేడిని బాగా వదులుతాయి. అయితే మధ్య రంధ్రం, లోతు, చక్రం సందు అన్నీ మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి. అర టన్ను బండికి ఆ తంటా అనవసరం. జత ఎక్కడా దొరకని డ్రమ్ములకైతే పాతదాని లోపలి వలయాన్ని లేత్‌లో తీసేసి కొత్త పోత వలయాన్ని వేడిమీద ఎక్కించే దారి ఉంది. ఆ పని తెలిసిన చేతుల్లోనే జరగాలి.

ఏడాది విషయంలో ఒక హెచ్చరిక. షెవ్రోలె అర టన్ను ట్రక్కుల్లో 1950 వరకు హక్ అనే వేరే రకం బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్. బయటికి బండి ఒకటే, లోపలి సామాను వేరు. ఎవరో ఎప్పుడో యాక్సిల్ మార్చి ఉంటే రిజిస్ట్రేషన్ కాగితంలోని ఏడాది అబద్ధం చెబుతుంది. విప్పి చూసిందే నిజం.

హబ్బులు, స్టడ్లు

ముందు డ్రమ్ములు హబ్బులకు స్వేజ్ చేసిన స్టడ్లతో పట్టి ఉన్నాయి. స్టడ్డు భుజాన్ని నొక్కి, పువ్వులా విప్పి డ్రమ్ముకు కరిపించి ఉంటుంది. ఆ విప్పిన అంచును కోయకుండా ప్రెస్ పెట్టి స్టడ్డును తోస్తే, పోతూ పోతూ హబ్బు రంధ్రాన్ని వెడల్పు చేసి పోతుంది. తరవాత కొత్త స్టడ్డు పళ్లు ఆ రంధ్రంలో కరవవు, నట్టు బిగిస్తుంటే స్టడ్డు కూడా తిరుగుతుంది. స్టడ్డు మర మీదుగా దిగే బోలు కట్టర్‌తో అంచును భుజం దాకా కోసి, అప్పుడు ప్రెస్ పెట్టాలి. కింద ఊతం ఆ స్టడ్డు చుట్టూనే ఉండాలి. హబ్బును డ్రమ్ము అంచు మీద నిలబెట్టి తోస్తే ఫ్లాంజ్ వంగుతుంది. సుత్తితో కొట్టినా అదే ఫలితం.

కొత్త స్టడ్ల పళ్ల వ్యాసాన్ని మైక్రోమీటర్‌తో చూసుకుని తీసుకోవాలి. పొడవు, మర కలిసినా పళ్ల వ్యాసం తేడా పడటం మామూలే. డాడ్జ్ లాంటి బండ్లలో ఎడమవైపు స్టడ్లకు ఎడమ మర ఉంటుందని మరవొద్దు. ఎదురు దిశలో బిగిస్తూ స్టడ్డు తుంచేసుకుంటారు.

స్టడ్లు ఎక్కాక హబ్బును తిప్పుతూ ముఖం ఎంత ఊగుతోందో డయల్ గేజ్‌తో చూశాం: ఎడమ 0.04, కుడి 0.06. హద్దు 0.08 పెట్టుకున్నాం. కొత్త స్టడ్లను మళ్లీ స్వేజ్ చేయలేదు. డ్రమ్ము మధ్య రంధ్రం హబ్బు భుజం మీద సరిగ్గా కూర్చుంటోంది కనుక అవసరం లేదు, ముందుముందు బేరింగులు కదపకుండానే డ్రమ్ము ఊడదీయొచ్చు.

కొత్త డ్రమ్ములను హబ్బు మీద పెట్టి, నట్ల కింద చదునైన వాషర్లు వేసి సమానంగా బిగించి తిప్పితే ఎడమది 0.05, కుడిది 0.18. డ్రమ్ము విడిగా ఓవల్ కాదు, ముందే కొలిచాం. హబ్బు తేడా, డ్రమ్ము తేడా ఒకే దిక్కున కలిశాయి. ఇలాంటప్పుడు లేత్‌కు పరుగెత్తక్కర్లేదు. డ్రమ్మును ఒక్కో రంధ్రం, అంటే 60 డిగ్రీలు జరిపి మళ్లీ కొలవాలి. మూడో స్థానంలో 0.07కి దిగింది. ఆ స్థానంలో హబ్బుకూ డ్రమ్ముకూ ఎదురెదురుగా పంచ్ గుర్తు వేశాం, ఇక ఎప్పుడు విప్పినా అదే జోడింపు. ముఖాల మధ్య రంగు పూత ఉండకూడదు. మందపు పొర బిగింపులో నలిగి నట్టు వదులవుతుంది.

లేత్ మీద వెనక డ్రమ్ములు

వెనకవి హబ్బు లేని డ్రమ్ములు కాబట్టి మధ్య రంధ్రంలో కోను పెట్టి రెండు వైపులా గిన్నె క్లాంపులతో పట్టాలి. క్లాంపు ఆనే చోట తుప్పు పొక్కు ఒక్కటి మిగిలినా డ్రమ్ము వంకరగా తిరుగుతుంది, లేత్ ఆ వంకరనే చక్కగా చెక్కి పెడుతుంది. అందుకని ముందు గీత పరీక్ష. ఉలిని తాకీ తాకనట్టు పెట్టి ఒక గీత వేయాలి. నట్టు వదులు చేసి, డ్రమ్మును అదే షాఫ్టు మీద సగం చుట్టు తిప్పి బిగించి, పక్కనే రెండో గీత. రెండు గీతలూ డ్రమ్ములో ఒకే వైపు పడితే డ్రమ్మే వంకర, కోయొచ్చు. ఎదురెదురుగా పడితే పట్టులో తప్పుంది, విప్పి శుభ్రం చేయాలి.

ఎంత కోయాలన్నది గాడి ఉన్న కుడి డ్రమ్ము నిర్ణయించింది. 0.10 లోతు గాడి అంటే వ్యాసంలో 0.20. 280.05కి అది కలిపితే 280.25, ఓవల్ మిగలకుండా 280.30. ఎడమదీ అంతే కొలతకు తీశాం. ఒక యాక్సిల్ మీద రెండు డ్రమ్ముల వ్యాసాల తేడా 0.25 మించకూడదన్నది హద్దు, సమానంగా తీయగలిగినప్పుడు హద్దు దాకా పోవడమెందుకు? 280.92కి ఇంకా 0.62 ఉంది.

డ్రమ్ము చుట్టూ రబ్బరు పట్టీ బిగించకపోతే లోహం అదిరి తలం మీద అలలు తేలతాయి. ఆఖరి కోతలో ఫీడ్ (ఉలి పక్కకు జరిగే దూరం) తిప్పుకు 0.05 మి.మీ. దగ్గర ఉంచాం. ఫీడ్ వేగంగా పోతే తలం మీద స్క్రూ మరలాంటి సుడి గాడి మిగులుతుంది. బ్రేకు తొక్కినప్పుడు షూ ఆ మర వెంబడి పక్కకు పాకి, పట్టు తప్పగానే బ్యాకింగ్ ప్లేటుకు టక్కున కొట్టుకుంటుంది. కొత్తగా లేత్ చేయించిన డ్రమ్ములో టక్ టక్ వినిపిస్తే స్ప్రింగులు మార్చే ముందు ఈ సంగతి చూడాలి. కోత అయ్యాక 120 నంబరు ఎమెరీని చెక్కముక్కకు చుట్టి, డ్రమ్ము తిరుగుతుండగా ఒక నిమిషం అటూ ఇటూ ఆడిస్తే సుడి చెరిగిపోతుంది.

తరవాత కడుగుడు. పెట్రోలు, థిన్నర్ నూనెను తీస్తాయి గానీ పోత రంధ్రాల్లో ఇరుక్కున్న సన్నటి ఇనుప పొడిని తీయవు. వేడి సబ్బు నీళ్లతో బ్రష్షు పెట్టి రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడనంత వరకు కడగాలి. వెంటనే ఆరబెట్టాలి, పది నిమిషాలు ఆలస్యమైతే ఎర్రటి తుప్పు పొర కడుతుంది. కొత్త డ్రమ్ములకు కూడా ఇదే స్నానం, వాటి మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె లైనింగులోకి ఇంకితే ఆ లైనింగు ఇక పనికిరాదు.

షూలు

షూ వంపు వ్యాసం డ్రమ్ముకన్నా 0.5 నుంచి 0.75 మి.మీ. తక్కువ ఉండాలి. ముందు షూలను 278.8కి, వెనక షూలను 279.7కి గ్రైండ్ చేయించాం. షూను డ్రమ్ములో ఆనించి చూస్తే మధ్యలో తాకి, రెండు కొసల దగ్గర 0.1 నుంచి 0.2 మి.మీ. సందు రావాలి. కొసలు తాకి మధ్యలో సందుంటే ఆ షూ కరిచి పట్టేస్తుంది, కీచుమంటుంది. అడ్జస్టర్ ఎంత తిప్పినా అది సర్దుకోదు. గ్రైండ్ చేసేటప్పుడు దుమ్ము పీల్చే ఏర్పాటు ఉండాలి.

పొట్టి లైనింగు ఉన్న ప్రైమరీ షూ బండి ముందు వైపుకు, పొడుగు లైనింగు ఉన్న సెకండరీ వెనక వైపుకు. పనిలో ఎక్కువ భాగం చేసేది సెకండరీ. తారుమారైతే బ్రేకు పట్టు తగ్గుతుంది, పొట్టి లైనింగు గబగబా అరుగుతుంది.

బ్యాకింగ్ ప్లేటు మీద షూ రాసుకునే దిమ్మెలు ఆరూ చూశాం. కుడి ముందు ప్లేటులో రెండు దిమ్మెలకు గాడులు పడ్డాయి. షూ ఆ గాడిలో ఇరుక్కుంటే కొత్త డ్రమ్ము వేసినా లాగుడు పోదు. వెల్డింగ్‌తో నింపి, ఆకురాయితో మిగతా దిమ్మెల ఎత్తుకు తెచ్చి, వేడికి ఓర్చే గ్రీజు పలచగా రాశాం.

బిగింపు

లోతు సరిపోయిందో లేదో కాగితం చెప్పింది సరే, బండి మీద మట్టి ముద్దతో చూడాలి. బ్యాకింగ్ ప్లేటు గాడిలో నాలుగు చోట్ల మెత్తటి మోడలింగ్ క్లే అతికించి, డ్రమ్ము ఎక్కించి, నట్లు బిగించి, తిప్పకుండా ఊడదీస్తే ముద్ద ఎంత నలిగిందో అదే సందు. 1.5 నుంచి 3 మి.మీ. మధ్య ఉండాలి. నాలుగు చక్రాలకూ వచ్చింది, తక్కువలో తక్కువ 1.8. రిమ్ము లోపల, డ్రమ్ము బయటి పక్కటెముకల మీద కూడా ఇలాగే చూశాం. 16 అంగుళాల రిమ్ముకు ధారాళంగా ఉంది. 15 అంగుళాల రిమ్ములకు మారేవాళ్లు ఈ పరీక్ష వదిలిపెట్టొద్దు.

చీలిక లేని డ్రమ్ముతో యాంకర్ సర్దడం ఇలా. లాక్ నట్టును కొద్దిగా వదిలి, డ్రమ్ము ఎక్కించి, అడ్జస్టర్‌తో షూలను డ్రమ్ము తిరగనంత బిగించాలి. యాంకర్ పిన్నును బ్యాకింగ్ ప్లేటు వెనకనుంచి నెమ్మదిగా అటూ ఇటూ తిప్పితే ఒక చోట డ్రమ్ము వదులవుతుంది. మళ్లీ అడ్జస్టర్ బిగించాలి, మళ్లీ పిన్ను తిప్పాలి. పిన్ను ఎటు తిప్పినా డ్రమ్ము వదులు కాని స్థితి వచ్చిందంటే షూలు మధ్యకు వచ్చినట్టు. అక్కడ లాక్ నట్టు బిగించి, అడ్జస్టర్‌ను వెనక్కి తిప్పాలి, డ్రమ్ము సన్నగా రాసుకునే శబ్దం మాత్రమే మిగిలేదాకా.

హ్యాండ్ బ్రేకు కేబుల్‌ను వెనక షూల సర్దుబాటు పూర్తయ్యాకే బిగించాలి. ముందే బిగిస్తే షూలు యాంకర్‌కు పూర్తిగా ఆనవు, ఆ తరవాత చేసే సర్దుబాటంతా తప్పుల తడకే. చక్రాల నట్లు ఎదురెదురు వరసలో, మూడు విడతల్లో, టార్క్ రెంచితో. ఇంపాక్ట్ గన్‌తో ఒక్కొక్కటీ పూర్తిగా బిగించుకుంటూ పోతే లేత్ మీద సాధించిన గుండ్రదనం అక్కడే పోతుంది.

రోడ్డు మీద

లైనింగు పట్టు కూర్చోవడానికి ఖాళీ రోడ్డులో 50 కి.మీ. వేగం నుంచి 10కి మామూలు ఒత్తిడితో 20 సార్లు, ఒక్కోదానికీ మధ్య అర నిమిషం పైగా గాలి తగలనిస్తూ. మొదట్లో కాస్త వాసన వస్తుంది, పొగ వస్తే ఆపేయాలి. ఆ తరవాత బండిని ఆపి హ్యాండ్ బ్రేకు లాగొద్దు. వేడి డ్రమ్మును షూలు రెండు వైపులా నొక్కి పట్టుకుని ఉండగా చల్లారితే డ్రమ్ము ఓవల్ అవుతుంది. గేరులో పెట్టి, చక్రాలకు చెక్కలు అడ్డం వేస్తే చాలు.

పెడల్ అదురు లేదు. చేతులు స్టీరింగు మీద తేలికగా ఆనించి తొక్కినా బండి తిన్నగా ఆగుతోంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే ముందు ఎడమ, కుడి డ్రమ్ముల తేడా 9 డిగ్రీలు. 20 దాటితే ఏదో ఒక వైపు షూ వదలడం లేదనో, పట్టడం లేదనో అర్థం. వెనక కుడి మాత్రం ఎడమకన్నా 17 డిగ్రీలు ఎక్కువ చూపింది. పైకెత్తి తిప్పితే చక్రం బరువుగా ఉంది, అడ్జస్టర్‌ను రెండు పళ్లు వెనక్కి తిప్పాక తేడా 6కి దిగింది.

80 కి.మీ. తరవాత చక్రాల నట్లు మళ్లీ టార్క్ చేశాం, ముందు ఎడమలో రెండు నట్లు కొద్దిగా తిరిగాయి. 500 కి.మీ. దగ్గర నాలుగు డ్రమ్ములూ ఊడదీసి లైనింగు మీద రాపిడి జాడ చూడాలి. అప్పటికి లైనింగులో మూడొంతులైనా తాకి ఉండాలి. జాడ ఒక అంచుకే పరిమితమైతే లోతు కొలత మళ్లీ మొదటినుంచి.